చిన్నమలై నుంచి సాంతోమ్ దాకా: పిల్లలకి హతసాక్షుల గురించి చెప్పాలంటే ఒక్కరోజు ప్లాన్

చెన్నైలో సండే స్కూలో యూత్ మీటింగో నడిపే మన తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉందండి, అది హైదరాబాద్ వాళ్ళకీ లేదు విజయవాడ వాళ్ళకీ లేదు. అపొస్తలుడైన తోమా దాక్కున్నాడని చెప్పే చిన్నమలై గుహ, చంపేశారని చెప్పే పరంగిమలై (అదే సెయింట్ థామస్ మౌంట్) కొండ, పాతిపెట్టారని చెప్పే సాంతోమ్ సమాధి, మూడూ ఒకే ఊళ్ళో ఉన్నాయి, పొద్దున బయల్దేరితే మూడూ చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. అయినా మన పెరంబూరు, విల్లివాక్కం, కొరుక్కుపేట పిల్లల్లో చాలామందికి సెయింట్ థామస్ మౌంట్ అంటే మెట్రో స్టేషన్ పేరు, అంతే.

ఈ ట్రిప్ ఎలా వేసుకోవాలో, దారిలో ఏం చెప్పాలో, ముఖ్యంగా ఏం చెప్పకూడదో రాస్తున్నా. నా గోల ఒక్కటే, హతసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మనిషి, కథని చావు దగ్గర మొదలుపెట్టొద్దు. మనవాళ్ళు సాధారణంగా రాళ్ళు, కత్తి, మంట, రక్తం అని మొదలుపెడతారు, చిన్నపిల్లలకి రాత్రి పీడకలలొస్తాయి, పెద్దపిల్లలకి ఎవరి మీదో కోపమొస్తుంది, విశ్వాసం మాత్రం ఎవరికీ రాదు. ఆ మనిషి అంతకుముందు ఎలా బతికాడు, చివర్లో ఎవర్ని క్షమించాడు, ఈ రెండూ చెప్పగలిగితే మిగతాదంతా రెండు వాక్యాల్లో అయిపోతుంది.

ముందు వారం చేయాల్సింది

ఒక చార్ట్ పేపర్ కొని మూడు గడులు గీయండి. మొదటిది బైబిల్లో ఉన్నది, రెండోది పాత రాతల్లో ఉన్నది, మూడోది సంప్రదాయం, అంటే తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. పిల్లలకి తెలిసిన హతసాక్షుల పేర్లు వాళ్ళనే చెప్పమని ఏ గడిలో రాయాలో వాళ్ళతోనే తేల్చండి. రాళ్ళతో కొట్టి చంపిన స్తెఫను మొదటి గడి, అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయం, డౌటే లేదు. జెబెదయి కొడుకు యాకోబుని హేరోదు కత్తితో చంపించాడు, అది 12వ అధ్యాయం. పన్నెండుమందిలో యూదా సంగతి వదిలేస్తే చావు ఎలా జరిగిందో బైబిల్ చెప్పేది ఈ ఒక్క యాకోబు గురించే. పేతురుని తలకిందులుగా సిలువ వేశారన్నది బైబిల్లో ఉందని పెద్దవాళ్ళే చాలామంది అనుకుంటారు, లేదండి, అది సంప్రదాయం. నీరో చక్రవర్తి రోమ్‌లో క్రైస్తవుల్ని దీపాల్లా కాల్పించాడన్నది రెండో గడి, క్రైస్తవుడు కాని టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడే రాసి పెట్టాడు, క్రీ.శ. 64లో రోమ్ తగలబడ్డాక జరిగిందది.

మరి తోమా? ఇక్కడే అసలు మజా. బైబిల్లో ఆయన చావు లేదు, కానీ యోహాను 11:16 ఉంది. బేతనియకి వెళ్తే రాళ్ళతో కొడతారని మిగతా శిష్యులు జంకుతుంటే "ఆయనతో కూడ చనిపోవుటకు మనమును వెళ్లుదము" అన్నది తోమానే. మనం మాత్రం రెండువేల ఏళ్ళుగా ఆయన్ని అనుమానపు తోమా అనే పిలుస్తున్నాం, పాపం. అనుమానపడ్డవాడే చివరికి "నా ప్రభువా, నా దేవా" అన్నాడు, ఈ రెండు వచనాలూ ముందు వారమే బట్టీ పెట్టించండి, ట్రిప్‌లో మూడుచోట్లా పనికొస్తాయి.

రెండో గడిలో తోమా కార్యములు అనే మూడో శతాబ్దపు సిరియక్ గ్రంథం వస్తుంది, అందులో రాజు ఆజ్ఞ మీద నలుగురు సైనికులు ఈటెలతో పొడిచారని ఉంది, అది మన బైబిల్లో చేర్చిన పుస్తకం కాదు, కథలు కలిసిన రచన, ఆ సంగతి కూడా చెప్పాలి. 13వ శతాబ్దం చివర్లో ఈ తీరానికొచ్చిన మార్కో పోలో ఇంకోటి రాశాడు, తోమా ప్రార్థన చేసుకుంటుంటే నెమళ్ళని వేటాడేవాడి బాణం పొరపాటున తగిలిందట! ఇక ఇక్కడివాళ్ళు చెప్పేది, క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగి, 72లో పరంగిమలై మీద ప్రార్థనలో ఉండగా ఈటె పోటుతో చనిపోయాడని. ఒక మనిషి చావుకి మూడు కథలు. టీనేజ్ పిల్లలు ఉంటే ఇది దాచొద్దు, మీరు దాస్తే రేపు ఫోన్‌లో వాళ్ళే చూసుకుంటారు, అప్పుడు స్తెఫను కథని కూడా నమ్మరు.

దారి

వరస ముఖ్యం. దాక్కున్న చోటు, చనిపోయిన చోటు, సమాధి, ఈ క్రమంలో వెళ్తే కథ దానంతటదే నడుస్తుంది. మెట్రో బ్లూ లైన్‌లో లిటిల్ మౌంట్ దగ్గర దిగితే చిన్నమలై చర్చి పక్కనే. అక్కడ్నుంచి మళ్ళీ బ్లూ లైన్‌లో ఆలందూర్, అక్కడ గ్రీన్ లైన్‌కి మారితే ఒక్క స్టేషన్, సెయింట్ థామస్ మౌంట్. కొండ దిగాక సాంతోమ్‌కి మెట్రోల గొడవ పెట్టుకోకుండా క్యాబులు మాట్లాడుకోవడమే మేలు, పిల్లలు అప్పటికే అలిసిపోయి ఉంటారు. ఏప్రిల్, మే వద్దే వద్దు, కొండ మీద నీడ తక్కువ, అగ్ని నక్షత్రం రోజుల్లో చిన్నపిల్లల్ని ఎక్కిస్తే వాళ్ళమ్మలు మిమ్మల్నే హతసాక్షిని చేస్తారు. జనవరి, ఫిబ్రవరి బావుంటాయి. జూలై 3 తోమా పండగ, డిసెంబర్ 18 కొండ మీద చర్చి పండగ, ఆ రోజుల్లో సందడి చూడాలంటే సరే గానీ కూర్చోబెట్టి కథ చెప్పడానికి చోటు దొరకదు.

మూడూ కేథలిక్ చర్చిలు, మనలో ఎక్కువమంది బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు వాళ్ళం. కాబట్టి బయల్దేరే ముందే పిల్లలకి చెప్పాల్సింది, అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు, మోకరిస్తారు, స్వరూపాల్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు, మనం చేయకపోవచ్చు, కానీ చేసేవాళ్ళని చూసి నవ్వకూడదు, అక్కడే నిలబడి వాక్యం ఎత్తి వాదన మొదలుపెట్టకూడదు. ఇది మా పిల్లలకన్నా కూడా వచ్చే పెద్దవాళ్ళకే ఎక్కువ చెప్పాల్సొస్తుంది. మాస్, అంటే కేథలిక్కుల ఆరాధన, జరుగుతుంటే వెనక నిశ్శబ్దంగా కూర్చోండి లేదా బయట ఆగండి. పెద్ద గుంపుగా వెళ్తుంటే ముందే చర్చి ఆఫీసుకి వెళ్ళి ఒకమాట చెప్పి రావడం మర్యాద.

చిన్నమలై దగ్గర

గుహలోకి వంగి దూరాలి, పిల్లలు సంబరపడతారు, పెద్దవాళ్ళు నడుం పట్టుకుంటారు. లోపల చిన్న బలిపీఠం, రాతిలో వెలుతురు వచ్చే సందు, అందులోంచే తోమా తప్పించుకున్నాడని చెప్తారు, అక్కడ చెయ్యి ముద్ర ఒకటి చూపిస్తారు, బయట బండలో ఊట ఉంది. పోర్చుగీసువాళ్ళు ఇక్కడ చర్చి కట్టింది 1551లో.

ఇక్కడ చెప్పాల్సిన పాయింట్ ఏంటంటే, దాక్కోవడం తప్పు కాదు. ఇది మన యూత్‌కి ఎవరూ చెప్పరు. యేసే "ఈ పట్టణములో మిమ్మును హింసించునప్పుడు మరియొక పట్టణమునకు పారిపోవుడి" అన్నాడు కదా, మత్తయి 10:23. ఇక్కడే పోలికార్పు కథ చెప్పండి, గుహ ముందు కూర్చుని చెప్తే భలే కుదురుతుంది. స్ముర్న బిషప్పు, రెండో శతాబ్దం మధ్యలో సంగతి, ముసలాయన. ఆయన కోసం వెతుకుతుంటే స్నేహితుల మాట విని ఊరి బయట పొలంలో ఇంట్లో దాక్కున్నాడు, అక్కడికీ వచ్చేస్తున్నారంటే ఇంకో ఇంటికి మారాడు. చివరికి సైనికులు రాత్రిపూట వచ్చి పట్టుకుంటే ఆయన చేసిన మొదటి పని ఏంటో తెలుసా, వాళ్ళకి భోజనం పెట్టించడం. పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళకి! వాళ్ళు తింటుంటే ఒక్క గంట ప్రార్థన చేసుకోనివ్వమని అడిగాడు, అది రెండు గంటలైంది. తర్వాత అధికారి క్రీస్తుని తిట్టు, వదిలేస్తా అంటే 86 ఏళ్ళుగా ఆయన్ని సేవిస్తున్నా, నాకే కీడూ చేయలేదు, నా రాజుని ఎలా దూషిస్తాను అన్నాడు.

పోలికార్పు చావు గురించి ఆ రోజుల్లో సంఘం రాసిన రాతలోనే క్వింటస్ అనే ఇంకొకతను ఉన్నాడు, ఇతని గురించి కూడా తప్పకుండా చెప్పండి. తనంతట తనే వెళ్ళి నన్ను పట్టుకోండి అని నిలబడ్డాడు, ఇంకొందర్ని కూడా రెచ్చగొట్టి తీసుకెళ్ళాడు, తీరా మృగాల్ని చూడగానే భయపడి విశ్వాసం వదిలేశాడు. తమంతట తామే వెళ్ళి దొరికిపోయేవాళ్ళని మేం మెచ్చుకోం అని ఆ రోజుల్లోనే సంఘం రాసి పెట్టింది. పక్కింటివాళ్ళ దేవుళ్ళ మీద స్టేటస్ పెట్టి, వాళ్ళు తిడితే నాకు హింస వచ్చింది అని సాక్ష్యం చెప్పే కుర్రాళ్ళు మన చర్చిల్లోనూ ఉన్నారు, పేర్లు చెప్పక్కర్లేదు, క్వింటస్ కథ చెప్తే వాళ్ళకే అర్థమవుతుంది.

కొండ మీద

కొండ సుమారు 300 అడుగులు. మెట్ల దారి ఉంది, వెనకనుంచి బండ్లు వెళ్ళే రోడ్డు కూడా ఉంది, మోకాళ్ళ నొప్పులున్న ఆంటీలని రోడ్డు మీదుగా పంపించండి. ఈ మెట్లు కట్టించింది పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వ్యాపారి, 1726లో. సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కట్టించిందీ ఆయనే. హతసాక్షి వారసత్వం అంటే ఇది కూడా, ఎప్పుడో చనిపోయిన ఒక మనిషి కోసం పదహారు వందల ఏళ్ళ తర్వాత ఎక్కడినుంచో వచ్చిన ఆర్మేనియన్ ఒకాయన జనం కాళ్ళు నొప్పెట్టకుండా మెట్లు కట్టించాడు.

పైన చిన్న చర్చి. బలిపీఠం వెనక గోడలో ఉన్న రాతి సిలువ దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. గబగబా చూస్తే నల్లటి రాయిలా ఉంటుంది. దగ్గరగా చూస్తే సిలువ చివర్లు మొగ్గల్లా విచ్చుకుని ఉంటాయి, పైన పావురం కిందికి దిగుతుంటుంది, చుట్టూ కమానులా పహ్లవి అక్షరాలు, అంటే పాత పర్షియా లిపి. 1547లో పోర్చుగీసువాళ్ళు పునాది తవ్వుతుంటే బయటపడిందట. 1558 డిసెంబర్ 18న మాస్ జరుగుతుంటే ఈ సిలువకి రక్తపు చెమట పట్టిందని, అలా 1704 దాకా అప్పుడప్పుడూ జరిగిందని చెప్తారు, అందుకే రక్తం చెమర్చిన సిలువ అని పేరు. మన చార్ట్‌లో ఇది మూడో గడి. పిల్లలు నిజమేనా అంకుల్ అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అప్పట్లో చూశామన్నవాళ్ళు అలా చెప్పారు, మన విశ్వాసం మాత్రం దీని మీద నిలబడి లేదు అని చెప్పి ఊరుకోండి. నాకైతే ఆ రక్తం కథ కన్నా ఆ పర్షియా అక్షరాలే ఎక్కువ ఆశ్చర్యం, పోర్చుగీసువాళ్ళు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఎవరో విశ్వాసులు ఈ తీరంలో కూర్చుని సిలువ చెక్కుకున్నారంటే క్రైస్తవం తెల్లవాళ్ళు తెచ్చిందే అనేవాళ్ళకి ఆ రాయి చాలు.

బయటికొస్తే ఊరంతా కనిపిస్తుంది, విమానాలు దిగడం కనిపిస్తుంది, పావుగంట పిల్లల్ని దానికే వదిలేయండి, ఆపినా ఆగరు. తర్వాత నీడ చూసుకుని పులిహోర పొట్లాలు విప్పి, తినేటప్పుడు మన దేశం కథలు రెండు చెప్పండి.

ఒకటి దేవసహాయం. 1712లో కన్యాకుమారి వైపు నట్టాళంలో పుట్టాడు, పేరు నీలకంఠన్, తిరువాంకూరు రాజా మార్తాండ వర్మ కొలువులో ఉద్యోగి. 1741 కొలచెల్ యుద్ధంలో పట్టుబడి తర్వాత అదే రాజు సైన్యానికి శిక్షణ ఇచ్చిన డచ్ కెప్టెన్ డి లనాయ్ ద్వారా యేసుని తెలుసుకుని 1745లో బాప్తిస్మం తీసుకున్నాడు. పై కులంవాడు, కింది కులాలవాళ్ళతో కలిసి తిరగడం, కలిసి తినడం మొదలుపెట్టాడు, అది చాలామందికి మింగుడుపడలేదు. 1749లో అరెస్టు, గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా తిప్పారు, 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండ మీద తుపాకులతో కాల్చి చంపేశారు. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించినప్పుడు ఆయన పేరు చివరున్న కులం పేరు తీసేసి ప్రకటించారు. ఇక్కడ ఆగి పిల్లల్ని కాదు, పెద్దవాళ్ళని అడగండి, మన తెలుగు చర్చిల్లో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏంటి అని. కాసేపు ఎవరూ పులిహోర ముట్టరు. పర్లేదు, హతసాక్షుల వారసులం అని పాడుకునేవాళ్ళకి ఆ మాత్రం ఇబ్బంది ఉండాలి.

రెండోది ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్. 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో ఆయన్ని, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ని, ఆరేళ్ళ తిమోతిని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఇది ఇంతకుమించి వర్ణించొద్దు, చిన్నపిల్లలుంటే నిద్రలో ఉండగా చంపేశారు అంటే చాలు. చెప్పాల్సింది మిగతాది. 1965 నుంచి, అంటే 34 ఏళ్ళపాటు ఆయన ఒడిశాలో ఉన్నాడు, బారిపదలో కుష్ఠురోగుల మధ్య పనిచేశాడు. పుళ్ళు కడగడం, కట్లు కట్టించడం, వాళ్ళు తమ కాళ్ళ మీద తాము నిలబడేలా పని నేర్పించడం, అదీ ఆ ఇంటి రోజువారీ. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్ళని క్షమించానని చెప్పి ఊరుకోలేదు, కూతురితో అక్కడే ఉండి ఆ పని కొనసాగించింది, భర్త పేరున ఆసుపత్రి వచ్చింది, 2005లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఈ కథ చెప్పేటప్పుడు వాళ్ళు, మనం అనే మాటలు నోట్లోకి రాకుండా చూసుకోండి. మీ సండే స్కూల్ పిల్ల రేపు స్కూల్‌కి వెళ్ళి హిందూ స్నేహితురాలి పక్కన కూర్చోవాలి, ఆ పిల్ల మీద ఇంత అనుమానం కూడా మీ కథవల్ల రాకూడదు. గ్లాడిస్ గారే కోపం పెట్టుకోనప్పుడు మనకెందుకండి మధ్యలో.

ఆడపిల్లలు ఎక్కువ ఉన్న గ్రూపైతే పెర్పెతువ కథ కూడా పెట్టుకోండి. క్రీ.శ. 203, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్, సుమారు 22 ఏళ్ళ అమ్మాయి, చంటిబిడ్డ తల్లి, జైల్లో తను రాసుకున్న మాటలే మనకి మిగిలాయి, ఆ కాలపు స్త్రీ రాత దొరకడమే అరుదు. బిడ్డని తన దగ్గర ఉంచుకోనిచ్చాక జైలే నాకు రాజభవనమైపోయింది అని రాసింది. వాళ్ళ నాన్న వచ్చి ఏడ్చి బతిమాలిన భాగం చదివి వినిపించేముందు మీరు ఒకసారి ఇంట్లో చదువుకుని వెళ్ళండి, గొంతు పూడుకుపోతుంది.

అదే కార్తేజ్‌వాడు, ఆ కాలపు క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్, క్రైస్తవుల రక్తం విత్తనం అన్నది ఆయనే, మన కన్వెన్షన్ పోస్టర్ల మీద ఈ మాట తెగ కనిపిస్తుంది. ఆ కార్తేజ్‌లోనే తర్వాత కొన్ని శతాబ్దాలకి సంఘం దాదాపు కనపడకుండా పోయింది, ఆ సంగతి మాత్రం పోస్టర్ మీద వేయరు.

సాంతోమ్, సాయంత్రం

నాలుగింటికల్లా చేరితే మంచిది. ఇప్పుడున్న తెల్లటి గోపురం చర్చి బ్రిటిష్‌వాళ్ళ కాలంలో 1896కి పూర్తయింది, అంతకుముందు పోర్చుగీసువాళ్ళు కట్టింది ఉండేది. సమాధి గదికి విడిగా దారి ఉంది, కిందికి దిగి వెళ్ళాలి, లోపల పడుకుని ఉన్న తోమా స్వరూపం ఉంటుంది, జనం మౌనంగా కూర్చుని ఉంటారు, మన తెలుగువాళ్ళు కాస్త గొంతు తగ్గించాలి. ఎముకలు ఇక్కడే ఉన్నాయా అని అడుగుతారు. పూర్వకాలంలోనే ఎదెస్సకి (ఇప్పటి టర్కీలో ఉంది) తీసుకెళ్ళారని, తర్వాత 1258లో ఇటలీలోని ఒర్తోనాకి చేరాయని సంప్రదాయం, ఇక్కడ చిన్న ఎముక ముక్క, ఈటె మొన ఉంచారు. 1986లో పోప్ రెండో జాన్‌పాల్ వచ్చి ఇక్కడ ప్రార్థన చేశాడు. ఇంతకన్నా చరిత్ర ఎక్కువ పెట్టొద్దు, అప్పటికే బుర్రలు నిండిపోయి ఉంటాయి.

వెనకే బీచ్. అక్కడ గుండ్రంగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి, రెండో ప్రశ్న వద్దు. నువ్వు క్రీస్తు కోసం చనిపోతావా అని మాత్రం అడగొద్దు, మన యూత్ మీటింగుల్లో చాలాచోట్ల అదే అడుగుతారు, పాట పెట్టి లైట్లు తగ్గించి చేతులెత్తమంటారు, అందరూ ఎత్తుతారు, సోమవారానికి ఎవరికీ గుర్తుండదు. దానికి బదులు, ఈ వారం నిజం చెప్తే నీకు నష్టం వచ్చే చోటు ఏది అని అడగండి. అటెండెన్స్ ప్రాక్సీ అంటారు, ఆఫీసులో దొంగ బిల్లులంటారు, బేరం చేసి ఆటో అన్నకి తక్కువిచ్చాం అంటారు, ఒకరిద్దరు ఏమీ చెప్పరు, వాళ్ళని కదపొద్దు. చివర్లో స్తెఫను ప్రార్థన, "ప్రభువా, వారిమీద ఈ పాపము మోపకుము", ఎవరి మీద కోపముందో వాళ్ళని మనసులో పెట్టుకుని అందరూ ఒకసారి చెప్తే చాలు.

తర్వాతి ఆదివారం

చార్ట్‌లో కింద ఇంకో గడి గీయండి, మా ఇంట్లో అని. చెన్నై తెలుగు క్రైస్తవుల్లో చాలామంది తాతముత్తాతలు నెల్లూరు, ఒంగోలు వైపునుంచి వచ్చినవాళ్ళే. 1878 జూలై 3న, అవును తోమా పండగ రోజే, అలా కుదిరింది, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, భయంకరమైన కరువు ఇంకా పూర్తిగా మర్చిపోని రోజులవి. ఎక్కువమంది మాదిగలు, ఊరి బయట ఉన్నవాళ్ళు. వాళ్ళెవర్నీ ఈటెతో పొడవలేదు, కానీ నమ్ముకున్నందుకు నీళ్ళు ఇవ్వని ఊళ్ళు, పనికి పిలవని ఆసాములు, రాకపోకలు మానేసిన చుట్టాలు, ఇవి చాలా ఇళ్ళల్లో చెప్పుకునే కథలే. మన ఇంట్లో మొదట నమ్మింది ఎవరు, దానికి ఏం పోగొట్టుకున్నారు, ఈ రెండూ నాయనమ్మనో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసి తెమ్మనండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక అడగమనండి, నిద్రకి ముందు పెద్దవాళ్ళు బాగా మాట్లాడతారు. టీవీ ఆపేసి ఫోన్ వాళ్ళ ఒళ్ళోనే పెట్టాలి, దూరంగా పెడితే ఫ్యాన్ శబ్దం తప్ప ఏమీ వినపడదు. ఊరి పేరు, ఏడాది గుర్తులేకపోతే ఏ తుఫానుకి ముందు, ఎవరి పెళ్ళికి తర్వాత అని అడిగితే చెప్పేస్తారు. ఇంట్లో మొదట నమ్మింది తామే అయితే, అలాంటి కొత్త విశ్వాసుల పిల్లలూ ఉంటారు, వాళ్ళ అమ్మానాన్నలనే రికార్డ్ చేయమనండి, కానీ చర్చిలో వినిపించే ముందు వాళ్ళ ఒప్పుకోలు తీసుకోండి, చుట్టాల్లో ఇంకా తెలియనివాళ్ళు ఉండొచ్చు.